వంగనక్కర్లేని బైండింగులు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, టీ చల్లారేలోపు చెప్పేస్తాను. మా కరాకోల్ కొండ కింద జుమాకదిర్ అని ఒకడుండేవాడు. స్నోబోర్డు మీద జారేవాళ్లకు దారి చూపడం అతని పని. పొట్ట పెరిగాక బోర్డు పట్టీలు బిగించుకోవడానికి వంగలేక, మంచులో చతికిలబడి తిరగబడ్డ తాబేలులా కొట్టుకునేవాడు. ఆ చలికాలం, బూటును బోర్డుకు పట్టి ఉంచే బైండింగుల్లో వెనక నుంచి తొడిగేవి కొన్నాడు. మడమ వెనక పలక వాలుతుంది. నిలబడే కాలు దూర్చి మడమ నొక్కితే పలక లేచి టక్కున పడుతుంది. ఇక ఊరంతా తిరిగి అతనిది ఒకటే మాట: "నేనెవరికీ వంగను."

ఆ రోజు అతని కూతురు ఐజిరెక్‌కు కమ్మలు పెట్టడానికి మగపెళ్లివారు వస్తున్నారు. కమ్మలు చెవికెక్కితే సంబంధం ఖాయమైనట్టే.

"ఈ పూటకి కొండెక్కకయ్యా," అంది భార్య బురుల్.

"మాంసం ఉడికేలోపు వస్తానే. బూటు తాళ్లు కట్టు."

అనుకున్న వేళకే దిగాడు. అడ్డదారి కదా అని బోర్డును వాగులోంచి దూకించాడు. నీళ్లు చిమ్మి, గుమ్మం చేరేసరికి పలకలూ తాళ్లూ కలిసి గడ్డకట్టేశాయి. బోర్డుతోనే గెంతుకుంటూ లోపలికొచ్చాడు.

"తాళ్లు కోసేస్తానుండు," అని కత్తి తీసింది బురుల్.

"కొత్త బూట్లే, ముట్టుకోకు. ఇంటి వేడికి అదే కరుగుతుంది."

బయట కారు ఆగింది. ఐజిరెక్ గబగబా బోర్డు మీద కంబళి కప్పేసింది. జుమాకదిర్ గది నడుమ గుంజలా నిలబడ్డాడు.

"కూర్చోండి బావగారూ," అన్నాడు, లోపలికొచ్చిన వియ్యంకుడు తొరోకుల్‌తో.

"ఇంటి పెద్ద నిలబడితే మేమెలా కూర్చుంటాం? ముందు మీరు."

"ఫరవాలేదు, నాకిలాగే హాయి."

తొమ్మిదిమంది చుట్టాలూ నిలబడిపోయారు. పులుసు మీద కొవ్వు పేరుకుంది.

"మనల్ని త్వరగా పొమ్మంటున్నట్టుందిరా," అంది వరుడి నాయనమ్మ సైరకాన్, అందరికీ వినబడేలా. "ముసలిదాన్ని వచ్చినా అడుగు కదపడే! మహారాజు!"

"అలా కాదు పెద్దమ్మా..." అన్నాడేగానీ, ఇరుక్కుపోయానని మాత్రం ఒప్పుకోలేదు. ఎవరికీ వంగనన్నవాడాయె.

ఆమె కమ్మల మూట మళ్లీ ముడి వేసింది. ఐజిరెక్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది చూసి జుమాకదిర్ చెయ్యెత్తాడు.

"పెద్దమ్మా, ఆగండి. ఆ కంబళి తీయండి. నేను ఇరుక్కుపోయాను."

ముసలావిడ కంబళి లేపి చూసింది. మరిగే కెటిల్ తెచ్చి రెండు మడమల వెనకా ధారగా పోసింది. పలకలు టక్కుటక్కున వాలాయి. జుమాకదిర్ కాళ్లు లాక్కుని కూలబడ్డాడు. తొమ్మిదిమందీ హమ్మయ్య అని కూర్చున్నారు. మూట విప్పి, కమ్మలు ఐజిరెక్ చెవులకెక్కించింది సైరకాన్.

"నోరు ముందే విప్పుంటే పులుసు వేడిగా తాగేవాళ్లం కదయ్యా."

తొరోకుల్ మాత్రం పులుసు ముట్టలేదు. అతని పొట్ట జుమాకదిర్ పొట్టకంటే ఇంకో బెత్తెడు ఎక్కువే. "బావగారూ, నిజంగా వంగకుండానే పడతాయా?" అని లేచి, బోర్డు చంకన పెట్టుకుని బయటికెళ్లాడు. పొద్దుగూకేదాకా కొండ దిగి రాలేదు. పెళ్లి కానుకగా ఇచ్చే గుర్రం వద్దు, ఆ బైండింగులే ఓ జత కావాలన్నాడు.

ఈ కథ గుర్తుంచుకుని మీవాళ్లకు చెప్పండి. చెప్పేటప్పుడు ఈ ఒక్కటీ వదలకండి: ఆ పెళ్లిలో నడుము వంచినది, అత్తింటి పెద్దలకు వంగి దణ్ణం పెట్టిన పెళ్లికూతురొక్కతే.