కొవ్వూరు మెములో నెత్తుటి తువ్వాలు

"గోదావరి జిల్లాల్లో నేరస్థులు ఇంకా స్వేచ్ఛగా తిరుగుతున్నారంటే కారణం ఒక్కటేరా పల్లంరాజూ! మొన్నటిదాకా నేను ఉద్యోగంలో ఉండిపోవడం!"

మిషన్ స్కూల్లో గుమాస్తాగా రిటైరైన మర్నాడే 'డిటెక్టివ్' అని కార్డులు కొట్టించుకున్న యెహెజ్కేలు ఈ ప్రకటన చేసింది రాజమండ్రి మెయిన్ రోడ్డులో, మిట్టమధ్యాహ్నం. పల్లంరాజుకి చిన్ననాటి స్నేహం మీద విరక్తి పుట్టింది. చేపల బేరం ఒకరోజు మానుకుని, భార్య తలుపులమ్మతో అంతర్వేది నుంచి వచ్చాడు. ఊరు చూడాలన్నది పైకి చెప్పిన మాట. అసలు పని మొక్కు. కూతురు సాయిదుర్గకి రెండు కాన్పులు నిలవలేదు, ఇప్పుడు ఏడో నెల. పసుపుగుడ్డలో కట్టిన రూపాయిని రైలు వంతెన మీంచి తన చేత్తో గోదారమ్మకి వెయ్యాలని తలుపులమ్మ మొక్కుకుంది. అందుకు కిటికీ సీటు కావాలి.

"ఆటో ఎక్కితే ఆనవాళ్ళు కనబడవు" అంటూ యెహెజ్కేలు వాళ్ళని కాలినడకనే తిప్పాడు. బట్టల కొట్టు ముందు తల్లేని బొమ్మని చూసి 'మొండెం' అని నోటుబుక్కులో రాసుకున్నాడు. కోటగుమ్మం దగ్గర ఎవడినో నీడలా వెంటాడబోయి, చేతిలోని రోజ్‌మిల్కంతా పల్లంరాజు భుజమ్మీది తువ్వాలుకి తాగించాడు. పుష్కరాల రేవు చేరేసరికి తలుపులమ్మ మోకాళ్ళు మొరాయించాయి.

గోదావరి స్టేషన్లో కొవ్వూరు వెళ్ళే మెము రైలు కిటకిటలాడుతూ వచ్చింది. పల్లంరాజు కిటికీ చువ్వల్లోంచి తువ్వాలు తోసి ఖాళీ సీటు మీద పడేశాడు. మన రైలుబళ్ళలో అలా పడ్డ తువ్వాలు రిజిస్ట్రీ అయిన దస్తావేజుతో సమానం. కానీ దంపతులు జనాన్ని తోసుకుని వచ్చేలోపు ఒక లావుపాటి పెద్దమనిషి ఆ సీట్లో కూర్చుని, తువ్వాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండో తలుపు నుంచి ఎక్కిన యెహెజ్కేలు భూతద్దంతో దాని మీదికి వంగి ఉన్నాడు.

"ఎవరూ కదలొద్దు! నెత్తురు!"

"ఇంత గులాబీరంగులోనా అండీ?" అన్నారెవరో.

"హతుడికి రక్తహీనత! తువ్వాలు ఎవరిది?"

"ఒరే, అది..." అన్నాడు పల్లంరాజు.

"నువ్వాగరా, పరిశోధన నడుస్తోంది!"

సీటు ఎక్కడ పోతుందోనని పెద్దమనిషి తువ్వాలుని గట్టిగా పట్టుకున్నాడు. "నాదేనండీ! నేనే వేశాను!"

"ఒప్పుకున్నాడు! శవం ఎక్కడ?"

చుట్టూ ఫోన్లు లేచాయి, వీడియోలు మొదలయ్యాయి. పల్లంరాజు నిజం చెప్పబోయాడు. తలుపులమ్మ అతని నడుం మీద గట్టిగా గిల్లింది.

"ఆగండి. సీటు ఖాళీ అయ్యేలా ఉంది."

"నాది కాదు బాబోయ్! తువ్వాలూ నాది కాదు, సీటూ నాది కాదు!" అని పెద్దమనిషి తువ్వాలు పారేసి పక్క పెట్టెలోకి పరుగెత్తాడు. యెహెజ్కేలు వెనకాలే ఉరికాడు.

వంతెన మొదలైంది. తలుపులమ్మ కిటికీ దగ్గర కూర్చుని, పసుపుమూట వదిలింది. "తల్లీ, ఈసారి బిడ్డని దక్కించు." పల్లంరాజు పక్కనే నిలబడి గోదారికి దణ్ణం పెట్టాడు.

యెహెజ్కేలు ఉత్తచేతులతో తిరిగొచ్చేసరికి ఆవిడ ఆ తువ్వాలుతోనే కళ్ళు తుడుచుకుంటోంది.

"చెల్లెమ్మా! సాక్ష్యం!"

"మా ఆయన తువ్వాలండి అన్నయ్యగారూ. ఈ మరక ఇందాక మీరు పోసిన రోజ్‌మిల్కే."

యెహెజ్కేలు వాసన చూశాడు. పెట్టె పెట్టెంతా అతని వంకే చూస్తోంది. నోటుబుక్కు తెరిచి, నేరస్థుడి పేరు రాయాల్సిన చోట కాసేపు కలం ఆపాడు. తర్వాత గంభీరంగా గొంతు సవరించుకున్నాడు.

"మొదట్నుంచీ నా అనుమానం నా మీదే!"

"మంచిదండి," అంది తలుపులమ్మ మోకాళ్ళు నొక్కుకుంటూ. "తిరుగు బండిలో కూడా ఒక హత్య చూడండి. అంతసేపు నేను నిలబడలేను."