వాలు తిరిగిన కుట్లు

అక్క ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. ఏడింటికల్లా ఆసుపత్రి శిక్షణ గదికి చేరాలి. బల్ల మీదున్న రెండు రబ్బరు ముక్కలకు అంటించిన పేర్ల టేపులు ఒకదానిది ఒకదానికి మార్చాలి. ఎనిమిదింటికి పెద్ద డాక్టరు వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు నిలబడాలి.

ఆ ముక్కలు విద్యార్థులు కుట్లు నేర్చుకోవడానికి ఇచ్చినవి. వారానికి ఇద్దరి కుట్లు చూసి, డాక్టరు ఇద్దరినీ ఆపరేషన్ థియేటరుకు పిలుస్తాడు. అందులో ఒకరిని మాత్రమే మనిషి ఒంటి మీద మొదటి కుట్టు వేయనిస్తాడు. ఈ వారం వంతు అక్కది, ఆమె పిన్ని కూతురిది. ఇద్దరిదీ ఒకే తరగతి, ఒకే ఇల్లు. "చెల్లి కుట్లు చూడవే, ముత్యాలు పేర్చినట్టున్నాయి" అని కన్నతల్లే అన్న దగ్గర్నుంచి అక్కకు అన్నం సయించడం లేదు.

టేపులు మారాయి. డాక్టరు వచ్చాడు. ఇప్పుడు అక్క పేరున్న చెల్లెలి ముక్కను వెలుతురులో తిప్పి చూశాడు.

"కుట్ల వాలు అటు తిరిగిందేంటి? నీది ఎడమచేతి వాటమా?"

చెల్లెలిది ఎడమచేతి వాటం. పుట్టినప్పటి నుంచి చూస్తూ ఉండటం వల్ల అక్కకు ఆ సంగతే గుర్తు రాలేదు.

"అవును సార్" అంది అక్క.

"కుట్లు బాగున్నాయి. రిజిస్టర్లో సంతకం పెట్టు."

ఎడమచేత్తో పెట్టింది. సిరాలో పడ్డ చీమ పాక్కుంటూ వెళ్లినట్టుంది ఆ సంతకం. ఎడమచేత్తో టీ తాగితే సగం డాక్టరు కోటు మీద ఒలికింది. థియేటరు బయట ఎడమచేత్తో బ్రష్షు పట్టి చేతులు రుద్దుకోబోతే అది ఎగిరి నర్సు కాళ్ల దగ్గర పడింది.

"ఒంట్లో బాగోలేదామ్మా?" అంది నర్సు.

"బాగానే ఉంది సిస్టర్."

చెల్లెలు పక్కనే నిలబడి అంతా చూస్తోంది.

ఆపరేషన్ ముగింపుకొచ్చింది. అక్క ఒకడుగు ముందుకు వేసింది. డాక్టరు సూది చెల్లెలికి అందించాడు.

"సార్, నా కుట్లు బాగున్నాయన్నారు కదా" అంది అక్క.

"బాగున్నాయి కాబట్టే నీకు నాతో పని లేదు. వంకర కుట్లు వేసేవాళ్లకే నేను పక్కనుండి నేర్పాలి."

చెల్లెలు ఎడమచేత్తో సూది తీసుకుని నాలుగు కుట్లు వేసింది. డాక్టరు వంగి చూశాడు.

"నీదీ ఎడమచెయ్యేనా? కుడిచేత్తో ప్రయత్నించి ఆ ముక్క పాడుచేశావన్నమాట. ఇంత చక్కగా ఎవరు నేర్పారు?"

"మా అక్కే సార్. రోజూ కూర్చోబెట్టి చెయ్యి పట్టుకుని మరీ నేర్పుతుంది" అంది చెల్లెలు, తల వంచుకుని.

"అలాగా. మొదటి సంవత్సరంలో ఎడమచేతి వాటం వాళ్లు ఆరుగురున్నారు. సోమవారం నుంచి వాళ్లకు నువ్వే నేర్పాలి" అన్నాడు డాక్టరు అక్కతో.

ఇద్దరూ ఇంటికి బయలుదేరారు.

"సోమవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఏం చేద్దామక్కా?" అంది చెల్లెలు.

ఆ సాయంత్రం అక్క కొత్త రబ్బరు ముక్క, సూది, దారం తీసుకుని చెల్లెలి ముందు బుద్ధిగా కూర్చుంది.