స్టార్ట్ అనరాదు

మన మంత్రిగారు అయిజలో ఒక చారిత్రక ప్రకటన చేశారు. ఇకమీదట ప్రభుత్వ కార్యక్రమాలేవీ 'స్టార్ట్' కావు, 'కమెన్స్' అవుతాయి.

"స్టార్ట్ అనేది మెకానిక్ షెడ్డు మాట. కమెన్స్ అంటే ఒక గౌరవం ఉంటది," అన్నారు.

చప్పట్లు మోగాయి. కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి కనుక, ఆ మాట అర్థం వివరించమని నన్ను స్టేజీ ఎక్కించారు. రెంటికీ అర్థం ఒకటేనన్నాను. మంత్రిగారు పెద్ద మనసుతో నన్ను క్షమించారు.

మొట్టమొదట కమెన్స్ అయ్యే భాగ్యం 'పల్లెరథం' బస్సుకు దక్కింది. రోజూ అయిజ నుంచి గద్వాలకు పోవలసిన బస్సు. ముందు సీట్లో హెప్సిబా, పక్కన వాళ్లమ్మ కాంతమ్మ కూర్చున్నారు. హెప్సిబా మిరపతోటల్లో కూలికి పోతూ మా కాలేజీలోనే చదువుకున్న పిల్ల. పదింటికి గద్వాలలో నర్సింగు పరీక్ష. నిమిషం ఆలస్యమైనా గేటు వేసేస్తారు.

ఎనిమిదిన్నరకు మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. డ్రైవర్ కురుమయ్య తాళం తిప్పాడు.

"సార్, స్టార్ట్ అయితలేదు."

పీఏ అదిరిపడ్డాడు. "ఏం మాటయ్యా అది! కమెన్స్ అను!"

"కమెన్స్ అయితలేదు సార్."

"ఆఁ, గట్లనాలె," అని మంత్రిగారు మెచ్చుకున్నారు.

నేను ఉండబట్టలేక, "సార్, ఇంగ్లీషులో బండ్లు కమెన్స్ కావు. వాటికి స్టార్ట్ ఒక్కటే," అన్నాను.

"మా పాలనల మనుషులైనా బండ్లైనా ఒకటే రూలు," అన్నారు. మళ్లీ చప్పట్లు.

తొమ్మిదయింది. కాంతమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "సారూ, నా బిడ్డకు పరీక్షుంది. ఈ బస్సు ఎప్పుడు పోతది?"

"కమెన్స్ అయింది గదమ్మా," అన్నాడు పీఏ. "పోవుడు వేరే సంగతి."

కార్యకర్తలు వెనక చేరి తోశారు. బస్సు పదడుగులు కదిలింది. మంత్రిగారు ఫుట్‌బోర్డు మీద నిలబడి చెయ్యి ఊపారు. చప్పుడు లేకుండా, పొగ లేకుండా ఇంత హాయిగా నడిచే బస్సు దేశంలో ఎక్కడా లేదని అక్కడికక్కడే ప్రకటించారు.

హెప్సిబా ఇక ఆగలేదు. బస్సులోంచి దూకి, రోడ్డు మీద పోతున్న మిరపకాయ బస్తాల బొలెరోకు అడ్డం నిలబడింది.

"అన్నా, గద్వాలేనా? పరీక్షుంది, జర ఎక్కించుకో!"

"ఎక్కు చెల్లె! ముక్కుకు చున్నీ కట్టుకో!"

తల్లీ కూతుళ్లు బస్తాల మీదికెక్కారు. బండి దుమ్ము లేపుకుంటూ పోయింది.

పదికి ఐదు నిమిషాలుండగా కాంతమ్మ నాకు ఫోన్ చేసింది. "లోపలికి పోయింది సారూ! తుమ్ముకుంటనే పోయింది!"

ఈలోపు ఇక్కడ కురుమయ్య బానెట్ ఎత్తాడు. అందరం తొంగిచూశాం. లోపలినుంచి కింద రోడ్డు శుభ్రంగా కనిపించింది.

"ఇంజను రెండో ఫేజుల వస్తది సార్," అన్నాడు పక్కనే ఉన్న రవాణా అధికారి మెల్లగా.

మంత్రిగారు ఆ అధికారి భుజం తట్టారు.

"శభాష్. దాని శంకుస్థాపన ఎప్పుడు పెట్టుకుందాం?"