లాండ్రీ కంప్యూటర్‌లో పేకాట

లాండ్రీ షాపాయన ఆ సోమవారం పళ్ళు తోముకుంటూనే ఘనమైన నిర్ణయం తీసుకున్నాడు. కౌంటర్ మీది రెండు కంప్యూటర్లకీ, మేడమీద ఇంట్లో ఉన్నదానికీ ఒకే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయించాలి. కంప్యూటర్లు బాగుచేసే బావమరిది కాఫీ వేళకే దిగాడు.

"పాతదాని పనైపోయింది బావా. ఉచితంగా దొరికేది వేస్తా. మూడూ ఒక్క మాట మీదుంటాయి."

"ఈ ఇంట్లో ఒక్క మాట మీదుండేవి అవైనా ఉండనీరా!"

మూటలకి నంబర్లు, చీటీలు, రసీదులు... ఏమేం కావాలో కాగితం మీద రాసుకుని, మధ్యాహ్నానికి పని ముగించారు. మూడు గంటలకి గిరాకీ పల్చబడగానే భార్య రోజూలాగే కిందికొచ్చి రెండో కంప్యూటర్ ముందు కూర్చుంది. ఎనిమిదేళ్ళుగా ఆ గంటసేపూ ఆవిడ పేకాడుతుంది, పక్కనే కూర్చుని ఆయన ఆటపట్టిస్తాడు.

"పేకలేవండీ?"

కాగితంలో పేకల ఊసే లేదు. "కొత్తదాంట్లోనూ వేసిస్తానక్కా," అన్నాడు తమ్ముడు.

"వద్దులేరా, మీ బావకి గుర్తే లేనిది పోతే పోయింది," అని మెట్లెక్కేసింది.

మంగళవారం రాలేదు. బుధవారమూ రాలేదు. మూడు గంటలకి ఆయన వేసిన జోకులకి ఇస్త్రీపెట్టె ఒక్కటే బుస్సుమంది. ఆయనకి గంట గడవడం గగనమైపోయింది. పాత పేకలొస్తే గానీ మనిషి దిగదని తేల్చుకున్నాడు.

గురువారం పొద్దున్నే, బావమరిదికి చెప్పకుండా, బీరువాలోంచి పాత సీడీ తీసి రెండో కంప్యూటర్‌లో తనే ఎక్కించేశాడు. పేకలొచ్చాయి. ఆ సంబరంలో నెట్‌వర్క్ పోయిన సంగతి చూసుకోలేదు. అది మిగతా రెండింటితో మాటలు మానేసి, తన మానాన ఒకటి నుంచి నంబర్లు వేసుకుపోయింది. అలమరలో సోమవారం కొత్త సిస్టమ్ వేసిన ఒకటి, రెండు, మూడు నంబర్ల మూటలు ఇంకా అలాగే ఉన్నాయి. సాయంత్రానికి ప్రతి నంబరుకీ రెండేసి మూటలు, ఒకరివి ఒకరి చేతికెళ్ళాయి.

"నేను బ్యాండు వాయించాలా, సూదులు వేయాలా?" అంటూ బ్యాండు మాస్టారు తెల్ల కోటు విసిరాడు.

వెనకే నర్సమ్మ జరీ కోటుతో దిగింది. "ఇది తొడుక్కుని వార్డులోకెళ్తే రోగులు లేచి డాన్సాడతారు! మాకు వేరే లాండ్రీ లేదనుకున్నారా?"

గుమ్మం నిండా జనం. పాతికేళ్ళ షాపు పరువు గుమ్మంలోనే పోయేలా ఉంది. గోల విని భార్య దిగొచ్చింది. చీటీల వంక చూడనైనా లేదు.

"ఈ సిరా మరక గుమాస్తాగారిది. బొత్తం మార్చిన చొక్కా డ్రైవరుది. ఇదిగో నర్సమ్మా, నీ కోటు."

అరగంటలో గుమ్మం ఖాళీ. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"నీ పేకాట కోసం చేశానే ఇదంతా!"

"నాకా ఆట రాదండీ."

"ఎనిమిదేళ్ళు ఆడావు కదే!"

"మౌసు తిప్పేదాన్ని. ఊరికే మీ పక్కన కూర్చుంటే, పనేం లేదా, పైకెళ్ళి పడుకోమనేవారుగా."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు.

మర్నాడు బావమరిది తల పట్టుకున్నాడు. "ఇంతకీ ఏ సిస్టమ్ ఉంచమంటావు బావా?"

"ఏదో ఒకటి తగలెయ్యరా. ఆ రెండో కుర్చీ మాత్రం కదపకు."