ఎండలో ట్రంకుపెట్టె

ఆ శుక్రవారం పొద్దున పున్నమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. అటక మీది ట్రంకుపెట్టె దించి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, బొద్దింకల వాసన పోయేదాకా ఎండలో పెట్టాలి. మర్నాడు కూతురు కాసులమ్మ చర్చి పిల్లలతో కలిసి వేసవి శిబిరానికి వెళ్ళాలి. కలకత్తాలో సాల్ట్ లేక్ దగ్గర ఒక మిషన్ బడిలో మూడు రాత్రులు ఉండాలి. పాటలు, బైబిలు కథలు, ఆటలు ఉంటాయట. రెండు జతల బట్టలు, దుప్పటి, కంచం, గ్లాసు తెచ్చుకోవాలని పాస్టరు రఘురాం చెప్పాడు. వాటికి చేతిసంచి చాలు. కానీ ఇంట్లో ఉన్న ఒక్క చేతిసంచికీ అడుగు ఊడిపోయింది.

పాటలతోనూ కథలతోనూ పున్నమ్మకు పెద్ద పని లేదు. శిబిరంలో మూడు పూటలా భోజనం పెడతారు, ఆదివారం కోడికూర. కలకత్తా శివారు బడ్జ్ బడ్జ్‌లో వాళ్ళ జనపనార మిల్లుకు లాకౌట్ పడి ఏడు నెలలైంది. అక్కడ మగ్గాల మీద పనిచేసే ఆమె భర్త కూర్మయ్య ఇంట్లో పొయ్యి రోజుకు ఒక్కసారే వెలుగుతోంది. తొమ్మిదేళ్ళ కాసులమ్మ ఎప్పుడూ ఆకలి అనదు. అనకపోవడమే తల్లిని తినేస్తోంది. నాలుగు రోజులు పిల్ల కడుపునిండా తింటే చాలు, దేవుణ్ణి అంతకంటే ఆమె ఏమీ అడగలేదు.

పొరపాటల్లా పెట్టెను వీధిలో పెట్టడంలో జరిగింది. తెలుగు మిల్లు కూలీలు వరసగా కాపురాలుంటున్న ఆ లైనులో ట్రంకుపెట్టె ఎండలోకి వచ్చిందంటే ఒక్కటే అర్థం. ఆ ఇంటివాళ్ళు మిల్లు మీద ఆశ వదులుకుని శ్రీకాకుళం వెళ్ళిపోతున్నారు.

ఎదురింటి జగ్గమ్మ పెట్టెను చూసింది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు గానీ, ఆమెకైనా ఒక కట్టడి ఉంది. బయలుదేరేవాళ్ళను ఎక్కడికని అడగకూడదు. అడిగితే వెళ్ళిన పని చెడుతుంది. లైనులో సగం ఇళ్ళు బాప్తిస్మం తీసుకుని రెండు తరాలైంది. పాత దేవుళ్ళంతా వెళ్ళిపోయారు, ఈ శకునం మాత్రం ఇల్లు ఖాళీ చేయలేదు. అందుకని జగ్గమ్మ అడగాల్సిన ఒక్క ప్రశ్నా మింగేసి, మిగతావన్నీ మాట్లాడింది.

"ఏటి వొదినా, రేపేనేటి?"

"రేపే జగ్గమ్మా. పొద్దున్న ఏడుకి."

"అంత బేగినా? ఒక్క మాటైనా సెప్పలేదు."

"సెప్పడానికేటుందే? ఇన్నాళ్ళకి ఓ దారి దొరికింది. గుంట కడుపైనా నిండతాది."

జగ్గమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. లోపలికి వెళ్ళి, అడుగున మిగిలిన ఆవకాయను జాడీతో సహా తెచ్చి పున్నమ్మ చేతిలో పెట్టింది. మూడు రాత్రుల శిబిరానికి ఇంత ప్రేమా అని పున్నమ్మ కరిగిపోయింది.

మధ్యాహ్నానికి లైనంతా పాకింది. గురవమ్మ ఎండుచేపలు తెచ్చి, ఏమీ అడక్కుండా పెట్టెలో పడేసి, ముక్కు చీదుకుంటూ వెళ్ళింది. కూర్మయ్యకు మగ్గం నేర్పిన ముసలాయన గోవిందరాజు వచ్చి కన్నీళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాడు. చివరికి కాసులమ్మ తల మీద చెయ్యి వేశాడు.

"మమ్మల్ని మర్సిపోకే అమ్మా."

"మర్సిపోను తాతా. బేగొచ్చెస్తాను," అంది కాసులమ్మ.

ఊరు వెళ్ళిపోయినవాళ్ళంతా అన్న మాటే అది. గోవిందరాజు ఇంకా గట్టిగా ఏడ్చాడు.

అక్కడ పున్నమ్మకు అనుమానం వచ్చింది. ముసలాయన వెళ్ళగానే భర్తను పక్కకు లాగింది.

"ఏటయ్యా, ఆ సాల్ట్ లేకులో ఏటుంది?"

"బడి."

"బడైతే గోవిందరాజు మావ ఎందుకేడస్తాడు? ఆళ్ళకేదో తెలుసు. మనకి సెప్పట్లేదు."

"మరి అడగలేకపోయినావా?"

"ఏడిసేవోల్ని ఎందుకేడస్తన్నావని అడగతారేటి? నువ్వడుగు!"

కూర్మయ్య కూడా అడగలేదు. ఇంటికి ఇంత మంది వచ్చి కన్నీళ్ళు పెట్టుకోవడం ఆయన బతుకులో ఇదే మొదటిసారి. కారణం తెలిస్తే ఆ గౌరవం ఎక్కడ పోతుందోనని లోపల చిన్న భయం.

సాయంత్రం బైరాగి వచ్చాడు. గది కప్పు కూలిపోయాక, మూతపడ్డ మిల్లు క్యాంటీను వరండాలో కాపురం పెట్టినవాడు. భార్యనూ నాలుగు గిన్నెలనూ వెంటబెట్టుకుని గుమ్మం బయట కూర్చున్నాడు.

"మీరు కానీండి బావా. మేం బయటే ఉంటాం. తొందరేటీ లేదు."

తోడు కోసం వచ్చాడనుకుని కూర్మయ్య మంచినీళ్ళిచ్చాడు. నీళ్ళు తాగి, బైరాగి మర్యాదగా లోపలికి తొంగిచూసి, గోడవార మూలను జానలతో కొలిచాడు. ఖాళీ అయ్యే గదిలో తన మంచం పడుతుందో లేదో చూసుకోవాలి కదా. కానీ ఆ మూల రోజూ కాసులమ్మ పడుకునేది. పున్నమ్మ కెవ్వుమంది.

"నా గుంట పడుకునే సోటు కొలిసినాడయ్యా! నాను పంపను. దేవుడు దిగొచ్చినా పంపను!"

కాసులమ్మ వెళ్ళి పెట్టె మీద కూర్చుంది. ఎంత లాగినా దిగలేదు. కాసేపటికి నేలను చూస్తూ అంది.

"అమ్మా, కోడికూర పెడతారంట."

ఏడు నెలల్లో ఆ పిల్ల తిండి మాట ఎత్తడం అదే మొదలు. పున్నమ్మ ఏడుపు అక్కడికక్కడే ఆగిపోయింది. పున్నమ్మ దుప్పటి మడతపెట్టి పెట్టెలో పెట్టింది.

మర్నాడు కూర్మయ్య పెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. వెనక పున్నమ్మ, కాసులమ్మ, ఆ వెనక సగం లైను. కొత్తవాళ్ళెవరైనా చూస్తే శవయాత్ర అనుకుని దారి ఇచ్చేవాళ్ళే. స్టేషనుకు వెళ్ళే దారిలోనే చర్చి. చర్చి ముందు బస్సు ఆగి ఉంది. పాస్టరు రఘురాం ఎదురొచ్చి కూర్మయ్య చేతులు పట్టుకున్నాడు.

"ప్రయాణం పెట్టుకుని కూడా ప్రార్థనకు వచ్చారా? ప్రభువు మిమ్మల్ని క్షేమంగా ఊరు చేర్చుగాక!"

"ఊరేటి పాస్టరు గారూ? గుంట బస్సెక్కాల."

పాస్టరు నీళ్ళు నమిలాడు. "మీరు శ్రీకాకుళం వెళ్ళిపోతున్నారని నిన్న జగ్గమ్మ చెప్పింది. కాసులమ్మ పేరు కొట్టేసి వాళ్ళమ్మాయి అప్పమ్మను రాసుకున్నాం. నలభై మందికే వంట."

కిటికీ పక్కన అప్పమ్మ ఒళ్ళో కవరు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఎవులెల్తన్నారు శ్రీకాకుళం? మేవా!" అని కూర్మయ్య అరిచాడు. లైను లైనంతా నోళ్ళు వెళ్ళబెట్టింది. గోవిందరాజు తాను కార్చిన కన్నీళ్ళన్నీ గుర్తొచ్చి మొహం అటు తిప్పుకున్నాడు. నిన్నంతా పంపనని గుండెలు బాదుకున్న పున్నమ్మ, వెళ్ళి బస్సుకు అడ్డంగా నిలబడింది.

"నా గుంట ఎక్కకపోతే ఈ బండి నా మీంచెల్లాల!"

జగ్గమ్మ తలుపు దగ్గరికి వెళ్ళింది, కూతుర్ని దింపుదామనే. చెయ్యి ఊచ దాకా వెళ్ళి ఆగిపోయింది. వాళ్ళింట్లోనూ పొయ్యి ఒక్కసారే. ఇద్దరు తల్లులూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరి తప్పు ఒకరు పట్టలేకపోవడం ఆ ఇద్దరికీ చాలా కష్టంగా ఉంది.

అంతలో కాసులమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"ఒలే అప్పమ్మా, జరుగు."

అప్పమ్మ జరిగింది. పెద్దవాళ్ళకు ఇంతసేపూ తోచనిది అంతే. నలభై మంది అన్నం నలభై ఒక్కరికి సరిపోదని అనడానికి పాస్టరుకు నోరు రాలేదు. పిల్లను ఎక్కించుకున్నాడు, పెట్టెకు మాత్రం చోటు లేదన్నాడు. పున్నమ్మ బట్టలూ కంచమూ దుప్పట్లో మూటగట్టి కిటికీలోంచి అందించింది. బస్సు కదిలాక ఇద్దరు తల్లులూ ఒకే చోట నిలబడి, అది మలుపు తిరిగేదాకా చూశారు.

కూర్మయ్య ఖాళీ పెట్టె నెత్తిన పెట్టుకుని ఒక్కడే ముందుగా ఇంటిదారి పట్టాడు. చర్చికి రాని సగం లైను అరుగుల మీద కూర్చుని ఉంది. ఏడు నెలల్లో ఆ లైనులోంచి పదకొండు పెట్టెలు వెళ్ళాయి. తిరిగొచ్చింది ఇదొక్కటే. స్టేషనుకని బయలుదేరినవాడు పెట్టెతో వెనక్కి తిరిగాడంటే దారిలో ఏదో కబురు తెలిసే ఉండాలి. ఏ కబురో అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది. బైరాగి గిన్నెలు అక్కడే వదిలేసి అందరికంటే ముందు మిల్లు వైపు పరిగెత్తాడు.

"మిల్లు తీస్తన్నారంట! మిల్లు తీస్తన్నారంట!"

ఆ కబురు ఎక్కడ పుట్టిందో ఆ లైనులో తెలిసినవాడు కూర్మయ్య ఒక్కడే. తన నెత్తి మీదే పుట్టింది. అయినా పెట్టె గుమ్మంలో దించి, "నిజవేనేటి?" అని గాలినడిగి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ తానూ పరిగెత్తాడు.

రెండు వందల మంది కేకలేసుకుంటూ రావడం చూసి మిల్లు దర్వాను గేటుకు రెండో తాళం కూడా వేశాడు.