పెట్టరాని ట్యాగు

ఆ పొద్దున మంజుల పెట్టుకున్న పని చిన్నదే. మరమగ్గాల సంఘాల సమాఖ్యలో ఆమె ఒక శాఖకు మేనేజరు. కరీంనగర్‌లోని పెద్దాఫీసు అన్ని శాఖల కాగితాలనూ కంప్యూటర్‌లోకి ఎక్కించి, అందరూ ఒకేలా వాడాలని కొన్ని ట్యాగులు పంపింది. ప్రతి ఆర్డరు మీదా ‘నడుస్తున్నవి’ అనో ‘ముగిసినవి’ అనో పెడితే, ఏ శాఖ చేతిలో ఎంత పనుందో అక్కడ కూర్చునే చూసుకుంటారు. చేతిలో పనిలేని శాఖకు సాయంత్రం బడిపిల్లల యూనిఫాం బట్ట ఆర్డరు ఇస్తారు. అది రాకపోతే వచ్చే నెల నుంచి మంజుల శాఖలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోతాయి. నేతన్నల ఇళ్లలో పొయ్యిలోంచి పిల్లి లేవదు. మంజుల పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కనుక, ఆర్డరు తెచ్చి తీరుతానని ఇంట్లో చెప్పే బయల్దేరింది.

మధ్యాహ్నానికి చూస్తే పాత ఆర్డర్లన్నీ ‘నడుస్తున్నవి’లోనే ఉన్నాయి. జనం కట్టి, ఉతికి, చించేసిన చీరలు కూడా ఇంకా నడుస్తున్నాయి. ట్యాగులు పెట్టే సక్కుబాయిని పిలిచింది. ఆమె నేతింట పుట్టి, ఆ ఆఫీసులోనే జుట్టు నెరిసిన మనిషి.

“సాంచాలు నడిచేకాడ ముగిసిందనద్దు మేడం. ఇంట్ల బియ్యం లేకున్నా నిండుకున్నయంటం గని, అయిపోయినయంటమా?”

“అక్కా, కంప్యూటరుకు శకునం తెల్వది.”

“దానికి తెల్వది. నాకు తెలుసు గద.”

‘పూర్తయినవి’ అని మారుస్తానన్నా ఆమె ఒప్పుకోలేదు. బతిమాలినా, కసిరినా లాభం లేకపోయింది. చివరికి సక్కుబాయే దారి చూపించింది. గడప దాటేవాళ్లు పోయొస్తమంటారు కదా, అలాగే వీటికి ‘మళ్లొచ్చేవి’ అని కొత్త ట్యాగు పెడదామంది. పొద్దు వాలుతుండటంతో మంజుల సరేనంది. ఆ తర్వాత సక్కుబాయి చేయి ఆగితే ఒట్టు.

వెంటనే పెద్దాఫీసు నుంచి లింగమూర్తి ఫోను చేశాడు. ఆర్డర్లు పంచేది ఆయనే. పాత ఆర్డర్లన్నీ తిరిగొస్తున్నాయట కదా అని అభినందించి, చేతినిండా పనున్న మీకెందుకని యూనిఫాం బట్టను భైంసా శాఖకు రాసేశానన్నాడు.

మంజులకు కడుపు మండిపోయింది. సక్కుబాయిని లేపి తానే కుర్చీలో కూర్చుని, ‘ముగిసినవి’ అనే ట్యాగును కసిగా నొక్కింది. ఆ కసిలో శాఖ కాగితాలన్నింటికీ ఒకేసారి ఆ ట్యాగు పడిందని ఆమె చూసుకోలేదు. ఆర్డర్లతో పాటు ఆఫీసు అద్దె ఒప్పందం, కరెంటు కనెక్షను, సక్కుబాయి ఉద్యోగం కూడా ముగిశాయి. సక్కుబాయి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శాఖను ఎత్తేస్తున్నారా, జీతాలు ఆపమంటారా అని లింగమూర్తి మళ్లీ ఫోను చేశాడు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. మంజుల అటూ ఇటూ చూడకుండా కరీంనగర్ బస్సెక్కింది.

జరిగిందంతా విని లింగమూర్తి పొట్ట పట్టుకుని నవ్వాడు. చదువుకున్నవాళ్లు కూడా శకునాలు పట్టించుకుంటే ఆఫీసులు నడిచినట్టేనన్నాడు. భైంసా వాళ్లకు ఇంకా చెప్పలేదు, వాళ్లకెలాగూ ఉన్న కొద్ది చీరల పనే తెమలడం లేదు, కాబట్టి ఆ కేటాయింపు మీద ‘రద్దు’ అని ట్యాగు పెడితే చాలు, ఆర్డరు మంజులదేనన్నాడు. మౌసు పట్టుకున్నాడు. వేలు అక్కడే ఆగిపోయింది.

“మా బిడ్డకు రేపు నిశ్చితార్థం. ఇయ్యాల నా చేతులతోని రద్దని ఎట్ల పెట్టాలె? జర నువ్వే పెట్టమ్మా.”

మంజుల తడుముకోకుండా పెట్టేసింది. యూనిఫాం ఆర్డరు తన శాఖ పేరు మీదికి మారడం చూసి ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొరపాటున పడ్డ ట్యాగులనూ తీయించి, అక్కడి నుంచే సక్కుబాయికి ఫోను చేసి, సాంచాలు ఆగవని, ఆమె ఉద్యోగం కూడా ఉందని చెప్పింది. ఈ రోజుల్లో కూడా ఇవేం నమ్మకాలని దారి పొడుగునా విసుక్కుంటూ బస్టాండుకు నడిచింది.

అక్కడ కొళాయి కనబడగానే మాత్రం ఆగి, మౌసు పట్టిన చేతిని మోచేతి దాకా కడుక్కుంది.