చెవి వెనుక తెల్లమచ్చ

స్వస్తి. జపాను దేశపు దక్షిణ జలధి కొసన, నిరంతరవర్షధారాధౌతమై, మడవృక్షపరివేష్టితమై, జలగల సేనలు కాపలా కాసే ఇరియోమొతె ద్వీపంలో, తుపాను వెలిసిన మూడో నాటి బ్రాహ్మీముహూర్తాన, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ప్రశ్నాస్త్రధారి, పరసాక్ష్యఖండనధురంధరుడు అయిన మియారా మాస్టారు రబ్బరు బూట్లు తొడిగి సమరానికి కదిలాడు.

ప్రతిపక్షం ఒక పిల్లి.

భూమ్మీద మరెక్కడా లేక, ఈ అడవిలోనే ఓ వంద మిగిలిన జాతి అది. కప్పలకు కాలయముడు, పీతలకు ప్రళయరుద్రుడు. దాన్ని చూసినవాళ్లు కోమి గ్రామపు సహకార దుకాణానికొచ్చి చెబుతారు. మాస్టారు విచారిస్తాడు. నమ్మితే గోడమీది దీవి పటంలో ఎర్ర గుండుసూది, నమ్మకుంటే బూడిదరంగుది. ఆ బూడిదరంగును కనిపెట్టిన మేధావీ ఆయనే. పదకొండేళ్లుగా ఆయన ప్రయోగించే బ్రహ్మాస్త్రం ఒక్కటే: "చెవుల వెనక తెల్లమచ్చ చూశావా?" ఊరపిల్లికి ఆ మచ్చ ఉండదు. ఆ ప్రశ్నకు జాలరులు కూలారు, చెరకు రైతులు నేలకొరిగారు, దుకాణం నడిపే కామే అవ్వ మూడుసార్లు హతురాలైంది.

కిందటివారం ఆ అవ్వ తీరిగ్గా అడిగింది: "మీరెన్నిసార్లు చూశారు మాస్టారూ?"

మాస్టారు గుండుసూదుల డబ్బా తీసి సూదులు లెక్కపెట్టసాగాడు. ఎందుకంటే సమాధానం సున్న.

"అయితే ఆదివారంలోగా చూసి రండి. లేదంటే ఆ సూదుల డబ్బా నాకిచ్చెయ్యండి" అంది. ఊరంతా సరేనంది.

నేడే ఆదివారం. సింహాసనం వంటి ఆ డబ్బా కోసం మహావీరుడు ఒక చెట్టు వేళ్ల మధ్య నక్కి గర్జించాడు: "ఓరీ మార్జారాధమా, పీతభక్షకా, ముప్పై ఎనిమిదేళ్లు బడిపిల్లలను గడగడలాడించిన ఈ కంఠం విని కూడా పొదలో దాగితివా? పౌరుషముంటే ఎదుటికి రమ్ము, నీ కర్ణపృష్ఠం చూపి తరింపుము."

గర్జనకు ఒక కప్ప నీళ్లలోకి దూకింది. ఒక జలగ ఆయన పిక్కకు అంటుకుంది.

ఆశ వదిలి, మాంసం ముక్క పెట్టిన అన్నంముద్ద పొట్లం విప్పగానే అది వచ్చింది. పది అడుగుల దూరాన కూర్చుని, ఎదురుగా, నేరుగా ఆయన ముఖంలోకి చూసింది. జేబులో ఫోనుంది. తియ్యాలంటే చెయ్యి కదపాలి. కదిపితే పిల్లి ఉండదు. నోట్లోని అన్నం మింగలేదు, ఉమ్మలేదు. ఇందాక గర్జించిన కంఠం ఇప్పుడు గుసగుసలాడింది: "తిరుగు తల్లీ. ఒక్కసారి తల తిప్పు."

తల్లి తిప్పలేదు. తనివితీరా చూసి, ఇంతకన్నా పీతే నయమనుకుందేమో, ముఖం మరల్చకుండానే వేళ్ల వెనక్కి జారిపోయింది.

ఊరివాళ్లు చేరిన దుకాణంలో కామే అవ్వ టోఫు గిన్నెలో నీళ్లు మారుస్తోంది.

"కనబడిందా మాస్టారూ?"

"కనబడింది. ఊరవతల మడలో, పది అడుగుల దూరంలో. చాలాసేపు నన్నే చూసింది."

"చెవుల వెనక తెల్లమచ్చ?"

పడవ నడిపే శిమొజి బీరు అందుకోబోయి చెయ్యి ఆపాడు. ఒక్క 'ఊ' అంటే చాలు, సామ్రాజ్యం నిలుస్తుంది. కాదనడానికి ఇంకో సాక్షి లేదు. ఆ 'ఊ' మాస్టారి నోటిదాకా వచ్చి, పొద్దుటి అన్నంముద్దలాగే అక్కడే ఆగింది.

"చూళ్లేదు. అది తిరగలేదు."

"నా కోళ్లగూట్లోదీ తిరగలేదు. పెట్టను కరుచుకుని నన్నే చూస్తూ నిలబడింది. అప్పుడు మీరేమన్నారు?"

"మీ గూట్లోకొచ్చేది ఊరపిల్లే అన్నాను."

"గుర్తుందన్నమాట. మరి దీనికి ఏ రంగు?"

"బూడిద."

శిమొజి గోడవైపు తిరిగి నవ్వాడు. అవ్వ డబ్బా తీసుకుంది, వెతికి సూది తీసింది, పటంలో గుచ్చింది. "నా మూడింటి పక్కనే పెట్టా. సర్దుకుంటాయిలెండి."

ఆ విధంగా పదకొండేళ్లు పరుల విజయాలను బూడిద చేసిన ఆ మహావీరుడు, సింహాసనం పోగొట్టుకుని, జలగకు రక్తకప్పం చెల్లించి, ఇరియోమొతె ద్వీపంలో గుండుసూది మొనంత భూమిని జయించాడు, అదీ సందేహాస్పదంగా. ఇళ్లకు వెళ్లేవాళ్లు వెళ్లారు. అవ్వ టోఫు వైపు తిరిగింది. అప్పుడు విజేత పటం దగ్గరికి వెళ్లి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, తన బూడిదరంగు సూదిని ఊడిపోకుండా బొటనవేలితో ఇంకాస్త లోపలికి నొక్కాడు.